ఖతార్‌లో లీమర్ల పంచాయతీ

లీమర్లను చూడాలనుకునేవాళ్ళు మడగాస్కర్ వెళ్తారు. నేను ఖతార్ వెళ్ళి చూసొచ్చాను. తిరిగొచ్చాక మా పాలకొల్లులో అందరూ అడిగినవి రెండే ప్రశ్నలు: బంగారం ఏమాత్రం తెచ్చావు, ఎండలు ఎలా ఉన్నాయి. మూడో ప్రశ్న అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. అడగని ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయినదాన్ని. మా పాఠంలో లీమర్‌కు దక్కిన చోటు ఒకే ఒక్క వాక్యం. మడగాస్కర్ దీవిలో తప్ప మరెక్కడా అడవిలో బతకని, కోతులకు దూరపు చుట్టమైన జంతువు అని. ఉద్యోగమంతా ఆ వాక్యాన్ని ఎంత గట్టిగా చెప్పానంటే, పరీక్షలో దాన్ని తప్పు రాసిన పిల్లలు లేరు. చెప్పిన నేను మాత్రం లీమర్ మొహం ఎరగను.

అల్ హిలాల్

మా చెల్లెలు మార్త, మరిది ప్రభాకర్ దోహాలో అల్ హిలాల్ అనే పేటలో అపార్ట్‌మెంటులో ఉంటారు. ఈస్టర్ అయిపోయిన వారం అక్కడ దిగాను. మా వైపు కొత్త మనిషి కనబడితే "మీరెవరి తాలూకండీ?" అని అడుగుతాం. ఇక్కడ లిఫ్టులో అయినా, కూరగాయల కొట్టులో అయినా అడిగేది "ఏ కంపెనీ?" అని. నాకు కంపెనీ లేదంటే జాలిగా చూసేవారు.

సాయంత్రాలు ప్రభాకర్ మమ్మల్ని కరక్ చాయ్‌కి తీసుకెళ్ళేవాడు. ఏలకులు దట్టించి చిక్కగా మరగబెట్టిన టీ అది. కారు దిగనక్కర్లేదు, హారన్ కొడితే టీయే కారు దగ్గరికి నడిచొస్తుంది. మా బస్టాండు దగ్గర హారన్ కొడితే టీ కొట్టు ఆయన కూడా వస్తాడు, కానీ తిట్టడానికి.

అలా ఒక సాయంత్రం, నా నోట్లో టీ ఉన్న సమయం చూసి ప్రభాకర్ అసలు విషయం బయటపెట్టాడు.

"వదినగారూ, శనివారం మా బాస్ మిమ్మల్ని వాళ్ళ మజ్రాకి రమ్మన్నారండి."

మజ్రా అంటే పొలం. ఉన్నవాళ్ళకి ఊరి బయట ఒకటి ఉంటుంది.

"నేనెందుకు?"

"ఆయన దగ్గర లీమర్లున్నాయి. ఆడదానితో ఏదో గొడవగా ఉందట. మా వదిన కోతుల డాక్టరని చెప్పాను."

"ఎప్పుడు పాసయ్యాను నేను?"

"జువాలజీయే కదండీ."

వెనక సీట్లోంచి మార్త నా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, ఈయన ప్రమోషన్ ఆ బాస్ చేతిలో ఉంది. ఒక్క పూట డాక్టర్‌లా మొహం పెట్టలేవా?"

ఇలా నేను నా యాభై తొమ్మిదో ఏట, టీ తాగుతూ, పశువైద్యంలో పట్టా పుచ్చుకున్నాను.

దోహాకి ఉత్తరాన, ఒక మజ్రా

ఊరు దాటాక ఎటు చూసినా రాళ్ళు కలిసిన ఇసుక. ఆ ఇసుకలో ఉన్నట్టుండి గోడ. గోడలోపల ఖర్జూరపు చెట్లు, నీడ వలల కింద దోసకాయ పాదులు, పావురాల గూళ్ళు, ఒక మూల ఒంటెలు. బాస్‌ని అందరూ అబూ ఖాలిద్ అంటారు. మర్యాదస్తుడు. ఖర్జూరాలు పెట్టించి, పసుపురంగు అరబ్బు కాఫీ చిన్న గిన్నెల్లో పోయించాడు. గిన్నె ఖాళీ కాగానే మళ్ళీ పోస్తారు. చాలనుకుంటే గిన్నెను కాస్త అటూ ఇటూ ఊపాలట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మా ఇళ్ళలో చాలని మొత్తుకున్నా వడ్డిస్తారు కాబట్టి నాకు వింతగా అనిపించక, పోసినంతసేపూ తాగాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత లీమర్లను చూపించారు. ఒక పెద్ద వల గది, దాని వెనక ఏసీ ఉన్న చిన్న గది. పొద్దుటి ఎండ పడుతున్న చోట మూడు జీవాలు బాసింపట్టు వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, తెల్లటి పొట్టలు సూర్యుడికి చూపిస్తూ కూర్చున్నాయి. కళ్ళ చుట్టూ నల్లటి వలయాలు. ఒంటికంటే పొడుగు తోక, దానికి నలుపూ తెలుపూ పట్టీలు. ఇన్నేళ్ళూ నేను వాక్యంగా చెప్పిన ప్రాణి ఎండలో కూర్చుని ఆవులిస్తుంటే నేను నిజంగానే కళ్ళు తుడుచుకున్నాను. డాక్టర్లు ఇలా కళ్ళు తుడుచుకోరని ప్రభాకర్ మోచేత్తో పొడిచాడు.

వాటిని చూసుకునే మనిషి లింగయ్య. నలభై అయిదు దాటి ఉంటాయి. నా తెలుగు వినగానే మొహం వెలిగింది.

"మాది జగిత్యాల దిక్కు మేడం. ఖతార్ అంటె మా ఇంట్ల ఎవలకు తెల్వది, దుబాయే అంటరు. ఇది దుబాయ్ గాదే అమ్మా అని చెప్పిన. 'ఫ్లైట్ ఎక్కినవా లేదా? ఎక్కితె దుబాయే' అన్నది."

లీమర్లకు పేర్లు పెట్టింది కూడా అతనే. మగదాని పేరు సర్పంచ్. వాళ్ళ ఊరి సర్పంచ్‌కి కూడా కళ్ళ చుట్టూ అలాగే నల్లగా ఉంటుందట. పెద్ద ఆడదాని పేరు సర్పంచ్ పెండ్లాం. దాని ఎదిగిన కూతురు ఒకటి. పెండ్లాం వీపు పట్టుకుని వేలాడుతున్న పసిదానికి ఇంకా పేరు లేదు, పుట్టి నెల కాలేదు.

అంతలో అరటిపండ్ల ముక్కల పళ్ళెం వచ్చింది. లింగయ్య దాన్ని సర్పంచ్ ముందు పెట్టాడు. సర్పంచ్ అటూ ఇటూ చూస్తుండగానే పెండ్లాం ఒక్క గెంతులో వచ్చి ఆయన చెంప మీద ఫెడీమని ఒకటిచ్చి, పళ్ళెం ముందు కూర్చుంది. బిడ్డ వీపు మీద అలాగే ఉంది. సర్పంచ్ వల మూలకు పోయి గోడవైపు తిరిగాడు.

"చూశారా?" అన్నాడు అబూ ఖాలిద్ ఇంగ్లీషులో. "రోజూ ఇదే. మగదాని చెవి చూడండి, సగం లేదు. ఈ ఆడదానికి బుద్ధి చెడింది. వచ్చే శుక్రవారం నా స్నేహితుడికి ఇచ్చేస్తున్నాను. మీరు దీనికేమైనా జబ్బుందేమో చూసి చెబితే చాలు."

స్నేహితుడిది సముద్రం పక్కన టవర్‌లో ఫ్లాట్ అట. ఆయనకు ఇదివరకు ఒక లీమర్ ఉండేదని అబూ ఖాలిద్ ఫోన్‌లో వీడియో చూపించాడు. చిన్నపిల్లల డైపర్ కట్టి, మెళ్ళో గొలుసు వేసి, సోఫాలో కూర్చోబెట్టారు. అది కదలకుండా కిటికీ అద్దంవైపు చూస్తోంది. "పాపం, ఎక్కువ కాలం ఉండలేదు" అన్నాడాయన.

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆ పసిది?" అన్నాను.

"దాన్ని ఇక్కడే ఉంచుతాం. లింగం సీసాతో పాలు పడతాడు."

లింగయ్య తల దించుకున్నాడు. జబ్బు సంగతి చదివి శుక్రవారం చెబుతానని నేను డాక్టర్ గొంతుతో వాయిదా వేశాను. మిగతావాళ్ళు కారువైపు నడవగానే లింగయ్య నన్ను వల పక్కన ఆపి మెల్లిగా అన్నాడు, "తప్పు నాదే మేడం. కఫీల్‌కు చాడీలు చెప్పింది నేనే."

కఫీల్ అంటే యజమాని. "ఏమని చెప్పావు?"

"మొగోడు తిన్నంక గద ఆడోళ్ళు తినేది. అందుకే రోజు సర్పంచ్‌కే ముందుగాల పెట్టిన. ఇది కొట్టి గుంజుకునేది. నేను చీపురు పట్టి దీన్ని ఎల్లగొట్టి ఆయినకు తినవెట్టేటోణ్ణి. దినాం కఫీల్‌తోటి అన్న, బాబా, ఆడది మంచిది గాదు, మొగోణ్ణి సంపుతది అని. సర్పంచ్‌కు ఇంకో గిన్నె పెట్టి, ఇంకో అర్ర కట్టిస్తడనుకున్న. గిట్ల తల్లినే పంపుతడని నాకేమెర్క? తల్లి పోతె పసిది దక్కది. సీసపాలకు బతకదది. మీరు డాక్టరమ్మ గద, జర చెప్పరాదుండ్రి."

నేను డాక్టర్ని కానని ఆ క్షణంలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇద్దరం మాట్లాడుతుండగా సర్పంచ్ వల దగ్గరికి వచ్చి, నేను వలకు ఆనించి కింద పెట్టిన చేతిసంచీకి సందుల్లోంచి తన మణికట్లు గట్టిగా రుద్దాడు. ముద్దొచ్చి నవ్వాను.

అల్ తుమామా

ఆ వారమంతా మార్త కంప్యూటర్ ముందు కూర్చుని, ఉద్యోగంలో ఎప్పుడూ చదవనంత చదివాను.

లీమర్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి మడగాస్కర్‌కు, తుఫానులో కొట్టుకుపోయిన చెట్లను పట్టుకుని సముద్రం దాటాయట. వీసా లేదు, ఏజెంటు లేడు. అక్కడ కోతులు లేకపోవడంతో దీవి అంతా వీటి సొంతమైంది. వాటిలో నేను చూసిన పట్టీల తోకది దక్షిణాన, వానలు తక్కువ పడే చోట, ముళ్ళ అడవుల్లోనూ నదుల పక్క తోపుల్లోనూ ఉంటుంది. ఆ తోపుల్లో దానికి ప్రాణమైన చెట్టు ఏదనుకున్నారు? చింత. చింతకాయ తింటుంది, చింతచిగురు తింటుంది. గోదావరి జిల్లాలకూ ఈ జంతువుకూ ఇంత దగ్గర బంధుత్వం ఉందని మా పాఠ్యపుస్తకం ఒక్క మాటైనా అనలేదు.

ఇప్పుడా చింతతోపులను బొగ్గు కోసం కొడుతున్నారు. పిల్లల్ని పట్టి అమ్ముతున్నారు. అడవిలో లీమర్ కనబడటం కష్టమవుతోంది, ఫోన్‌లో మాత్రం ఏ సోఫా మీద కావాలంటే ఆ సోఫా మీద కనబడుతుంది.

ఇక గుంపు సంగతి. గుంపును ఏలేది ఆడది. ముందు తినేది ఆడది, మంచి చోట పడుకునేది ఆడది, అడ్డొచ్చిన మగదాన్ని చెంప వాయించేది ఆడది. పసిబిడ్డ ఉన్నప్పుడు మరీను. కూతుళ్ళు తల్లిని వదలవు. మగవాళ్ళు ఒకరితో ఒకరు పోట్లాడుకోవాలంటే మణికట్ల మీద ఉన్న గ్రంథుల వాసన తోకకు పులిమి, ఆ తోకను ఎదుటివాడి మొహం మీద ఊపుతారు. ఎవరికి కంపు భరించలేనంత అయితే వాళ్ళు ఓడినట్టు. అది చదివినప్పుడు నా చేతిసంచీ గుర్తొచ్చింది. దాన్ని రెండుసార్లు ఉతికాను, ఎండలో ఆరేశాను. లాభం లేకపోయింది.

అంటే పెండ్లానికి జబ్బూ లేదు, బుద్ధీ చెడలేదు. ఆవిడ ఇంటి పెద్దగా తన పని తాను చేసుకుంటోంది. ఆ మాట అబూ ఖాలిద్ చేత ఒప్పించడం ఎలా అన్నదే ప్రశ్న. చెబితే వినడు, కళ్ళతో చూపించాలి. అందుకు చింతచిగురు కావాలి.

అల్ తుమామాలో ఒక మలయాళీ కొట్టులో బుధవారం తెలుగు ఆకుకూరలు దిగుతాయని మార్త తీసుకెళ్ళింది. మా ఇంటి దగ్గర సంచీ నిండా వచ్చే డబ్బుకి అక్కడ గుప్పెడు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టారు. మిగిలిన పొట్లాలన్నీ నేను ఎత్తుకోవడం చూసి పక్కనున్న ఒకావిడ కళ్ళతో కాల్చేసింది.

"అన్నీ మీకేనాండీ? పప్పులోకా, రొయ్యల్లోకా?"

"మాక్కాదండీ, లీమర్లకి."

"ఎవరండీ వాళ్ళు? ఏ జిల్లా?"

ఒక పొట్లం ఆవిడకు ఇచ్చేసి బయటపడ్డాను.

మళ్ళీ మజ్రా

గల్ఫ్‌లో శుక్రవారం సెలవు కాబట్టి మావాళ్ళ ఆదివారం ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల సంఘస్తులతో హాలు కిటకిటలాడుతోంది. నా సంచీ వల్ల నా చుట్టూ మాత్రం రెండు కుర్చీల మేర ఖాళీ ఏర్పడింది. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు వెనకనుంచి ఎవరో "ఏవిటే ఈ కంపు" అన్నారు. దేవుడు తప్ప నా పక్కన ఎవరూ నిలబడలేదు. పసిదాన్ని తల్లి నుంచి విడదీయకుండా చూడమని ఆయన్నే అడిగి, అక్కణ్ణుంచి మజ్రాకి వెళ్ళాం.

ఆ రోజు అబూ ఖాలిద్ తల్లి కూడా వచ్చింది. పెద్దావిడ. ముక్కూ పెదవులూ కప్పే పాతకాలపు ముసుగు, దాని పైన చురుకైన కళ్ళు. ఖర్జూరపు చెట్టు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. లింగయ్య ఆవిణ్ణి మామా అంటాడు, అక్కడ అమ్మ అని అర్థం. జంతువును పట్టుకెళ్ళే పెట్టె గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది.

నా దగ్గరున్న ధైర్యమంతా కూడదీసి, చింతచిగురు వల గది మధ్యలో గుట్టగా పోయించాను. లింగయ్యతో చీపురు అవతల పెట్టమన్నాను. ముందు పెండ్లాం వచ్చింది. రెండు చేతులతో రెమ్మలు పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని నమిలింది. తర్వాత కూతురు. సర్పంచ్ దూరంగా కూర్చుని ఎదురుచూశాడు. వాళ్ళు తిని పక్కకు జరిగాక వచ్చి మిగిలింది తిన్నాడు. దెబ్బ పడలేదు, అరుపు లేదు, చెవికి కొత్త గాటు లేదు.

"చూశారా?" అన్నాను ఈసారి నేను. "ఇది జబ్బు కాదు. వీళ్ళ దేశాచారం. మగదానికి ముందు పెట్టి గొడవ తెచ్చింది మనమే." నేను తెలుగులో చెబుతుంటే ప్రభాకర్ ఇంగ్లీషులో చెప్పాడు. 'మనమే' అన్నదాన్ని మాత్రం ఎగరగొట్టేశాడని నాకు అర్థమైంది.

"వాళ్ళ అడవిలో కూడా కొడుతుందా?" అన్నాడు అబూ ఖాలిద్.

"రోజూ."

"మగది ఏం చేస్తుంది?"

"దూరంగా కూర్చుంటుంది."

అబూ ఖాలిద్ ప్రభాకర్‌ని చూశాడు. ప్రభాకర్ నేలను చూశాడు. లింగయ్య గొణిగాడు, "మా ఊళ్ళె గూడ సర్పంచ్ కాగితం మీద ఆడామెనే మేడం. కుర్చీల మాత్రం ఆమె మొగడు కూసుంటడు. నేను గదే లెక్క అనుకున్న." ఇక్కడ కుర్చీ కూడా ఆవిడదేనని చెప్పాను.

పెద్దావిడ ఏమిటీ గొడవని అడిగింది. లింగయ్య అరబ్బీలో వివరించాడు. ముసుగు వెనక ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత కొడుకువైపు తిరిగి పెద్ద ప్రసంగమే చేసింది. లింగయ్య నాకు తెలుగులో అందించాడు.

"మామా ఏమంటుందంటే, ఇంట్ల తల్లి తిన్నంక కొడుకులు తింటె ఏం పోయింది అంటుంది. పసిదాన్ని తల్లికెల్లి ఇడదీస్తె, నేనీ మజ్రాల మళ్ళ కాలు వెట్ట అంటుంది."

ఆ అరబ్బు పెద్దావిడ నాకు అచ్చంగా జగిత్యాల మనిషిలా వినిపించింది. ఆఫీసులో వందమందిని నిలబెట్టి మాట్లాడే అబూ ఖాలిద్ "యుమ్మా" అని తల్లితో ఏదో అనబోయాడు. ఆవిడ ఒక వేలు ఎత్తింది. ఆయన ఆగిపోయాడు. తల్లీబిడ్డా దక్కారు. లింగయ్య తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

అక్కడితో ఆపి ఇంటికి వెళ్ళి ఉంటే బాగుండేది. కానీ అబూ ఖాలిద్‌ది మరో ఇబ్బంది. స్నేహితుడికి మాట ఇచ్చేశాడు. పెద్దావిడ కాసేపు ఆలోచించి నన్నే సూటిగా అడిగింది. "వీళ్ళ దేశంల ఇల్లు ఇడిచి పోయేది ఎవలట, అడుగుతుంది" అన్నాడు లింగయ్య.

క్లాసులో లాగే, ఎవరైనా సందేహం అడిగితే నేను ఆగలేను. "మగవాళ్ళు" అన్నాను. "ఎదగగానే పుట్టిన గుంపు వదిలేస్తారు. ఇంకో గుంపు అంచున చేరి, అందరూ తిన్నాక తిని, కొన్నేళ్ళుండి, మళ్ళీ ఇంకోచోటికి పోతారు. ఆడవాళ్ళు పుట్టిన నేల వదలరు."

లింగయ్య ఈ మాటలు వెంటనే అరబ్బీలో చెప్పలేదు.

"గదంత మా ఊరి ముచ్చటనే గద మేడం" అన్నాడు నాతో. తర్వాత చెప్పాడు.

పెద్దావిడ తల పంకించింది. ఆచారం ప్రకారం మగదే పోవాలి, అదే వెళ్ళనీ అంది. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. డైపరూ గొలుసూ కళ్ళ ముందు కదిలాయి. లింగయ్య చీపురు పట్టి కాపలా కాసి తినిపించింది ఆ సర్పంచ్‌కే.

"ఒంటరిగా వెళ్ళవు" అన్నాను గబగబా. "మగవాళ్ళు ఊరు విడిచినా ఇద్దరిద్దరుగా వెళ్తారు. తోడు లేకుండా పంపితే బతకదు. ఫ్లాట్‌లో అసలు బతకదు. కావాలంటే రాసిస్తాను." రాసివ్వడానికి నాకే అర్హతా లేదన్నది వేరే సంగతి.

"రెండో మగది మన దగ్గర లేదే" అన్నాడు అబూ ఖాలిద్.

పెద్దావిడ అటూ ఇటూ చూసి, లింగయ్యను చూసి, వేలు చూపించింది. అబూ ఖాలిద్ తమ్ముడు మెసయీద్‌లో ఫ్యాక్టరీ ఇచ్చిన ఇంట్లో ఉంటాడట. వెనక చోటుంది, పాత చిలకల పంజరం ఉంది. ఆచారం ఆచారమే కాబట్టి సర్పంచ్, లింగయ్య ఇద్దరూ అక్కడికి పోతారు. స్నేహితుడికి ఒక మంచి పావురాల జత పోతుంది. ఆడవాళ్ళను ఒంటెల దగ్గరుండే నేపాలీ అతను చూసుకుంటాడు. "యల్లా" అని, అంటే ఇక పదండని, లేచింది పెద్దావిడ. తీర్పు అయిపోయింది, ఎవరూ అప్పీలు చేయలేదు.

లింగయ్య కాసేపు పెట్టె పక్కన నిలబడి, "మెసయీద్‌లనే మొదలువెట్టిన నా దుబాయ్. పైపుల పని. క్యాంప్ల ఉన్నం. ఈ చెట్ల కిందికొచ్చినప్పుడు ఇగ ఆడికి మళ్ళ పోవద్దనుకున్న" అన్నాడు. తర్వాత అడిగాడు, "మేడం, ఆ ఇద్దరు పోయే మాట పుస్తకంల ఉన్నదా, మీరే కలిపిండ్రా?"

"ఉంది లింగయ్యా. నిజంగా ఉంది."

"ఉంటె సరే" అన్నాడు.

తిరుగు దారిలో ప్రభాకర్ సంతోషంగా ఉన్నాడు. బాస్ తల్లికి నేను నచ్చానట. నాకు ఏడుపొచ్చింది. అతను ఏసీ ఎక్కువైందనుకుని తగ్గించాడు.

మెసయీద్

మర్నాడు ప్రభాకర్‌ని బతిమాలి, సర్పంచ్‌ని తీసుకెళ్ళే పికప్ వెనకాలే వెళ్ళాను. మెసయీద్ ఓడరేవు ఊరు. దూరం నుంచే గొట్టాలు కనిపిస్తాయి, కొన్నిటి కొసన పగలు కూడా మంట వెలుగుతూ ఉంటుంది. తారు, ఎరువు, ఉప్పుగాలి కలిసిన వాసన. నా చేతిసంచీని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

ఇళ్ళన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. ఇంటి వెనక పంజరం చిన్నదేమీ కాదు. లింగయ్య ముందే వచ్చి కడిగి, తాళ్ళు కట్టి, ఒక చెక్క ఎండకు వేశాడు. సర్పంచ్‌ని వదిలారు. అతను నాలుగు మూలలా మణికట్లు రుద్ది, చెక్కెక్కి, తోక పొట్ట మీదికి లాక్కుని కూర్చున్నాడు. పిల్లి కూతలాంటి సన్నటి కూత ఒకటి పెట్టాడు. జవాబు రాలేదు. మళ్ళీ పెట్టాడు.

మిగిలిన చింతచిగురంతా నేను తెచ్చాను. లింగయ్య దాన్ని పళ్ళెంలో పెట్టి అతని ముందుకు జరిపాడు. "ఇగ ఎవలు కొట్టరు సర్పంచ్. అంత నీదే. తిను."

సర్పంచ్ తినలేదు. పళ్ళేన్ని చూశాడు, ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు. మేము దూరం జరిగి చూశాం, ఇంటి లోపలికి పోయి కిటికీలోంచి చూశాం. ఎండ చెక్క మీదినుంచి పక్కకు తప్పుకుంది. చిగురు వాడిపోతోంది. అతను అలాగే కూర్చున్నాడు.

"ఏమైంది మేడం, జరమొచ్చిందా?" అన్నాడు లింగయ్య. నాకు అర్థమైంది గానీ చెప్పడానికి సిగ్గేసింది. చివరికి చెప్పాను.

"ముందు ఎవరైనా తినాలి లింగయ్యా. పుట్టినప్పటి నుంచి దానికి అదే అలవాటు."

లింగయ్య పంజరంలోకి వంగి వెళ్ళి, పళ్ళెం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక రెమ్మ తీసుకుని, ఆకులు దూసి నోట్లో వేసుకుని నమిలాడు. పులుపుకు మొహం ముడుచుకుపోయింది. ఇంకో రెమ్మ తిన్నాడు. అప్పుడు సర్పంచ్ కదిలాడు. మెల్లగా వచ్చి, అతని మోకాలికి ఆనుకుని, మిగిలినదాంట్లో చెయ్యి పెట్టాడు.

అంతలో లింగయ్య ఫోన్ మోగింది. ఇంటినుంచి వీడియో కాల్. తెర మీద భార్య మొహం, వెనక ఎవరిదో నవ్వు.

"ఏం తింటున్నవ్? నోరాడుతంది."

"సింతచిగురు."

"దుబాయ్ల సింతచిగురా? ఉత్తదే తింటున్నవా, అన్నం లేదా?"

"ఉన్నది. గిది నాతోనే ఉంటది ఇగ. ముందుగాల నేను తింటెనే తింటది. మూడు పూటలా గిట్లనే."

"గదేంది?"

లింగయ్య ఫోన్‌ని సర్పంచ్ వైపు తిప్పి చూపించాడు. మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు.

"ఈని ఇంట్ల ఆడోళ్ళే పెద్ద. ఈడ ఆడోళ్ళు లేరు. గందుకు నేనే పెద్దామెను."

ఆవిడ పడీపడీ నవ్వింది. అతను నవ్వలేదు. ఇంకో రెమ్మ తీసి దూసి నోట్లో వేసుకున్నాడు, సర్పంచ్ తినడం ఆపకూడదని.